నిదాన సంగీతం, సజీవ దృశ్యం – నాలుగవ పాఠం: టైమ్ బ్రాకెట్లతో వాయించడం, వెలుగును నడపడం

గత పాఠం చివర ఇచ్చిన సాధనను మీరు పూర్తిచేశారన్న నమ్మకంతో ఈ పాఠం మొదలుపెడుతున్నాను. ఒకే స్వరాన్ని గమకం లేకుండా, వీలైనంత మెల్లగా, అది ఎప్పుడు మొదలైందో ఎప్పుడు ఆగిందో పక్కన కూర్చున్నవారు చెప్పలేనంత మృదువుగా నిలపడం ఈపాటికి కొంతైనా పట్టుబడి ఉండాలి. ఇప్పుడు ముగ్గురు వాద్యకారులు తాళమూ నాయకుడూ లేకుండా కలిసి వాయించడం ఎలాగో, వారితోపాటు తెరమీద వెలుగును నడిపే నాలుగో వ్యక్తి ఏం చేయాలో చూద్దాం. ఆ నాలుగో వ్యక్తి బృందంలో పూర్తి సభ్యుడు. అతనికీ ఒక భాగం రాసి ఉంటుంది, దానికి విడిగా సాధన ఉంటుంది, ప్రదర్శనలో తప్పు చేయడానికి వాద్యకారులకు ఉన్నంత అవకాశమూ ఉంటుంది. చాలా బృందాలు సంగీతమంతా సిద్ధం చేసుకున్నాక, ప్రదర్శనకు ఒకటి రెండు రోజుల ముందు వీడియో పని తెలిసిన మిత్రుణ్ణి పిలిచి "వెనకాల ఏదో ఒకటి వెయ్యి" అంటాయి. అలా చేయడం కంటే వెనక గోడను ఖాళీగా వదిలేయడం మేలని నా అభిప్రాయం.

బ్రాకెట్ చదవడం

అమెరికన్ స్వరకర్త జాన్ కేజ్ 1987 నుండి 1992లో మరణించేదాకా రాసిన కృతులలో చాలావాటికి సంఖ్యలే పేర్లు. ఎందరు వాయించాలో ఆ అంకె చెబుతుంది. 1987లో ఫ్లూటు, పియానోల కోసం రాసినది ‘టూ’. 1988లో ఏ ఐదు గొంతులకైనా, ఏ ఐదు వాద్యాలకైనా సరిపోయేలా రాసినది ‘ఫైవ్’. 1989లో స్ట్రింగ్ క్వార్టెట్ (రెండు వయొలిన్లు, వయోలా, చెల్లో ఉండే నలుగురి బృందం) కోసం రాసినది ‘ఫోర్’. ఎవరి భాగం వారి ముందు, ఎవరి గడియారం వారి పక్కన ఉంటాయి. తాళపు గీతలు ఉండవు. కాగితం మీద ఒకటో కొన్నో స్వరాలు, వాటికి పైన ఎడమవైపు ఒక జత సమయాలు, కుడివైపు మరో జత సమయాలు కనిపిస్తాయి. స్వరం ఎప్పటినుండి ఎప్పటిలోగా మొదలుకావచ్చో ఎడమ జత, ఎప్పటినుండి ఎప్పటిలోగా ముగియవచ్చో కుడి జత తెలుపుతాయి. దీన్నే టైమ్ బ్రాకెట్ అంటారు.

ఉదాహరణకు ఎడమ జత 0:00–0:45, కుడి జత 0:30–1:15 అనుకోండి. గడియారం కదిలిన క్షణాన మొదలుపెట్టి 1:15 వద్ద ముగిస్తే స్వరం 75 సెకన్లు నిలుస్తుంది. 0:45 వద్ద మొదలుపెట్టి వెంటనే ఆపేస్తే అది చిటికెడు కాలం మాత్రమే వినిపిస్తుంది. రెండూ సరైనవే. రెండు జతలూ 0:30 నుండి 0:45 వరకు ఒకదానిమీద ఒకటి పడటం వల్లనే ఈ వెసులుబాటు వచ్చింది. కుడి జత 0:50 దగ్గర మొదలై ఉంటే స్వరం కనీసం ఐదు సెకన్లు ఉండక తప్పేది కాదు. బ్రాకెట్ చూడగానే ముందు ఈ లెక్క వేసుకోవడం అలవాటు చేసుకోండి: అతి పొడవు ఎంత, అతి పొట్టి ఎంత. కేజ్ కృతులలో మొదలూ ముగింపూ ఖచ్చితంగా నిర్ణయించిన బ్రాకెట్లు కూడా అక్కడక్కడా వస్తాయి. అక్కడ ఎంచుకోవడానికి ఏమీ లేదు, గడియారానికి లోబడటమే.

మన సాధన కోసం ఆరు నిమిషాల చిన్న కృతి ఒకటి తయారు చేశాను. వయొలిన్, వేణువు, కీబోర్డు అనుకుని రాసినదే అయినా, స్వరాన్ని నిలపగల ఏ వాద్యమైనా, గొంతైనా పనికివస్తుంది. ముగ్గురికీ బ్రాకెట్లు ఇవే:

మొదటిది: మొదలు 0:00–0:45, ముగింపు 0:30–1:15
రెండవది: మొదలు 1:00–1:45, ముగింపు 1:30–2:15
మూడవది: మొదలు 2:30, ముగింపు 3:15 (మార్పు లేదు)
నాలుగవది: మొదలు 3:15–4:00, ముగింపు 3:45–4:30
ఐదవది: మొదలు 4:45–5:30, ముగింపు 5:15–6:00

స్వరాలను నేను ఇవ్వడం లేదు. మీ వాద్యంలో సులువుగా పలికే ఆరు స్వరాలను ఆరు కాగితపు ముక్కల మీద రాసి, మడిచి, ఒక్కో బ్రాకెట్‌కు ఒక్కటి తీసి రాసుకోండి. తీసిన ముక్కను మళ్లీ మడిచి కలిపేయండి. కేజ్ 1951 నుండి ఇందుకు చైనా ప్రాచీన గ్రంథమైన ఐ చింగ్ ప్రకారం నాణేలు వేసేవాడు. మీరు గవ్వలు వేసినా తప్పులేదు. చెయ్యి అలవాటైన సంచారంలోకి జారిపోకుండా ఉండటమే ఇక్కడి ఉద్దేశం. రాగాలతో పెరిగిన చెవి ఐదు స్వరాలను ఎంచుకోమంటే ఐదూ ఏదో ఒక రాగపు ఛాయలోనే పడతాయి. ఒకరి స్వరాలు మరొకరికి ముందుగా చూపించకండి.

శ్రుతిపెట్టెను ఆపేయండి. షడ్జం వెనక నిలిచి ఉన్నంతసేపూ ప్రతి స్వరమూ దానితో బంధుత్వం కలుపుకుంటుంది, వినేవారు ఆ బంధుత్వాన్నే వింటారు. ఇక్కడ మనకు కావలసింది మూడు స్వరాలు ఒకే గదిలో ఉండి ఏ ఒక్కదానికీ అధికారం లేని స్థితి. నిలకడైన శ్రుతినే ఆధారం చేసుకుని నడిచే ప్రయోగ సంగీతం కూడా ఉంది. అది మరో మార్గం, వచ్చే పాఠంలో దానికే వెళ్తాం.

చేతి పని

వయొలిన్ కమాను మీద ఉపయోగపడే పొడవు సుమారు 65 సెంటీమీటర్లు. ఒకే కమానుతో ముప్ఫై సెకన్లు నిలపాలంటే సెకనుకు రెండు సెంటీమీటర్లకు కాస్త పైగా మాత్రమే కదలాలి. ఆ వేగంలో బ్రిడ్జి దగ్గర వాయిస్తే నాదం గీరుకుంటుంది. ఫింగర్‌బోర్డు వైపు జరిగి, వేళ్ల బరువు దాదాపు తీసేసి, కమానును తీగమీద ఆనించి మాత్రమే ఉంచండి. గాలి కలిసిన పలుచని నాదం వస్తుంది, అదే కావాలి. డెబ్బై సెకన్లు నిలపదలిస్తే కమాను రెండు మూడుసార్లు మార్చక తప్పదు. మార్చే చోట మణికట్టు ముందే వదులై ఉంటే ఆ మార్పు వినిపించదు. కర్ణాటక పద్ధతిలో నేర్చుకున్నవారికి అసలు కష్టం ఎడమచేతిలో ఉంటుంది: స్వరం పది సెకన్లు దాటగానే వేలు తనంతట తానే కంపించడం మొదలుపెడుతుంది. అలాంటప్పుడు బొటనవేలి పట్టు సడలించండి, కంపం సగం అక్కడే తగ్గుతుంది.

వేణువు వాయించేవారికి ఊపిరే బ్రాకెట్. ఇరవై సెకన్ల తరువాత శ్వాస తీసుకోవాల్సి వస్తే, స్వరాన్ని తెంపి దొంగచాటుగా కొనసాగించడం కంటే ఒక్క శ్వాసలో ముగిసే స్వరాన్ని ఎంచుకుని మిగిలిన కాలం మౌనంగా ఉండటం నిజాయితీగా ఉంటుంది. కీబోర్డు సంగతి వేరు. పియానోలో మీట నొక్కాక స్వరం మీ చేతిలో లేదు, అది తగ్గిపోతూనే ఉంటుంది. కింది స్థాయి తీగలు చాలా సెకన్లు మోగుతాయి, పై స్థాయివి రెండు మూడు సెకన్లలో అణగిపోతాయి. కాబట్టి పియానో వాయించేవారి ముగింపు పెడల్‌పై నుండి పాదం ఎత్తే క్షణం. అప్పటికి నాదం దాదాపు లేకపోయినా, మోతను ఆపే డ్యాంపర్లు తీగలమీద వాలినప్పుడు గదిలో గాలి మారినట్టు వినబడుతుంది. ఆ ఎత్తడాన్ని ఒక స్వరంగానే భావించి విడిగా సాధన చేయండి. ఎలక్ట్రానిక్ కీబోర్డు అయితే ఆర్గన్ శబ్దాన్ని వాడకండి, అంతులేకుండా నిలిచే నాదం మిగిలిన ఇద్దరినీ మింగేస్తుంది.

మెల్లగా వాయించడం గట్టిగా వాయించడం కంటే శరీరాన్ని ఎక్కువగా అలసిపోజేస్తుంది. అమెరికన్ స్వరకర్త మోర్టన్ ఫెల్డ్‌మన్ 1983లో రాసిన రెండవ స్ట్రింగ్ క్వార్టెట్‌ను పూర్తిగా వాయిస్తే ఐదారు గంటలు పడుతుంది, అందులో అత్యధిక భాగం వినీ వినిపించని స్థాయిలోనే నడుస్తుంది. దాన్ని వాయించేవారు క్రీడాకారుల లాగా శరీరాన్ని సిద్ధం చేసుకోవాలి. మనకు ఆరు నిమిషాలే, అయినా కుడి భుజం పైకి లేస్తోందేమో ప్రతి బ్రాకెట్ మధ్యా చూసుకోండి.

వినడం, బదులివ్వకపోవడం

సాధనలో మీకు ఎదురయ్యే అసలు సమస్య ఇదే. పక్కవారు స్వరం ఎత్తుకోగానే మీకూ ఎత్తుకోవాలనిపిస్తుంది. వారు ఆపగానే ఆపాలనిపిస్తుంది. పక్కవాద్యం వాయించి పెరిగినవారిలో ఇది మరీ బలంగా ఉంటుంది, ఎందుకంటే గాయకుడి వెంట నీడలా నడవడమే వారికి నేర్పిన విద్య. ఇక్కడ ఆ విద్యను అదుపులో పెట్టాలి. ప్రతి బ్రాకెట్‌కూ మీ మొదలు, మీ ముగింపు సమయాలను ముందే పెన్సిలుతో రాసుకుని మొదటి నాలుగు సార్లు వాటికే కట్టుబడండి. ఆ తరువాత రాసుకోకుండా వాయించండి, కాని పక్కవారు మొదలుపెట్టిన వెంటనే మూడు సెకన్ల లోపల మాత్రం మొదలుపెట్టకండి. ఇది కేజ్ నియమం కాదు, నేను పెట్టిన ఆంక్ష. అనుకరించే అలవాటు పోయాక దీన్ని వదిలేయవచ్చు.

అలాగని చెవులు మూసుకోమని కాదు. మీ స్వరం, వేణువు స్వరం దగ్గర దగ్గరగా ఉంటే రెండింటి మధ్య నెమ్మదైన స్పందన, అంటే నాదం ఎగసి తగ్గే అల, పుడుతుంది. సెకనుకు రెండు స్పందనలు వినిపిస్తే ఆ రెండు శ్రుతుల మధ్య తేడా రెండు హెర్ట్జ్ అన్నమాట. దాన్ని సరిదిద్దకండి. వినండి, అలాగే ఉండనివ్వండి. అందరూ ఒకేసారి మౌనంగా ఉండిపోయే ఘడియలు కూడా వస్తాయి, అక్కడ కంగారుపడి ఎవరో ఒకరు స్వరం అందుకోవడం సహజంగా జరిగే పొరపాటు. గదిలో వినిపించేది ఏదైనా ఆ కృతిలో భాగమేనన్న ఆలోచనను కేజ్ 1952లోనే, వాద్యకారుడు ఒక్క స్వరమూ వాయించని నాలుగు నిమిషాల ముప్ఫైమూడు సెకన్ల కృతితో స్థిరపరిచాడు. మీ వీధిలో కూరగాయల బండి అరుపు వినిపిస్తే, అది వినిపించిందంతే. (అంతకుముందు 1946లో కేజ్ దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకుంటూ అతనికి భారతీయ సంగీతం గురించి చెప్పిన గీతా సారాభాయ్, మనసును శాంతపరచి దైవ ప్రభావాలకు తెరుచుకునేలా చేయడమే సంగీతం పని అని తన గురువు నుండి విన్న మాటను అతనికి అందించారు. అతను దాన్ని జీవితాంతం తలచుకున్నాడు.)

వెలుగు భాగం

సంగీతానికి, దృశ్యానికి ఉమ్మడిగా ఉండవలసింది మొత్తం కాలం ఒక్కటే. కేజ్, నర్తకుడు మెర్స్ కనింగ్‌హామ్ దశాబ్దాల పాటు పనిచేసిన పద్ధతి అదే: నృత్యం ఒకచోట, సంగీతం మరోచోట తయారయ్యేవి, నిడివి మాత్రం ముందుగా ఒప్పుకునేవారు. చాలాసార్లు నర్తకులు సంగీతాన్ని తొలి ప్రదర్శన రాత్రే మొదటిసారి వినేవారు. న్యూయార్క్‌లో పనిచేసిన స్వరకర్త, సినిమాకారుడు ఫిల్ నిబ్లాక్ పొలాల్లో, సముద్ర తీరాల్లో చేతులతో శ్రమించే మనుషులను చిత్రీకరించిన సినిమాలను తన దట్టమైన, నిలిచి ఉండే నాదాల పక్కన వేసేవాడు. ఏ చేతి కదలికా ఏ స్వరంతోనూ కలిసేది కాదు, అయినా చూసేవారి మనసు రెండింటినీ తనకు నచ్చినట్టు ముడివేసుకునేది. 1992లో కేజ్ స్వయంగా ఒక తొంభై నిమిషాల నలుపు-తెలుపు సినిమా చేయించాడు. అందులో మనుషులు లేరు, కథ లేదు. ఖాళీ స్టూడియోలో వెలుగు మాత్రమే, అది కూడా పాచికల్లాంటి యాదృచ్ఛిక పద్ధతులతో నిర్ణయించిన చోట్ల పడుతుంది. దాని పేరు ‘వన్11’, దాని పక్కన వాయించే ఆర్కెస్ట్రా కృతి పేరు ‘103’.

అందువల్ల శబ్దం పెరిగితే వెలుగు పెరిగేలా చేసే సాఫ్ట్‌వేర్ సదుపాయాన్ని ఆపేయండి. నాట్య వేదికలకు, డీజేలకు అది బాగా పనికివస్తుంది. మన సంగీతంలో మైకు పట్టుకునే శబ్దంలో సగం గదిదే ఉంటుంది, కాబట్టి బొమ్మ వయొలిన్‌కు కాక ఎవరో కుర్చీ జరిపిన చప్పుడుకు ఉలిక్కిపడుతుంది.

మన ఆరు నిమిషాల కృతికి వెలుగు భాగం ఇది: చీకటి నుండి పైకి లేవడం 0:20–1:20 మధ్య మొదలై, 2:40–3:20 మధ్య గరిష్ఠానికి చేరాలి, దిగడం 4:00–4:40 మధ్య మొదలై, 5:30–6:00 మధ్య పూర్తి చీకటి కావాలి. అంటే ఆరోహణకు కనీసం ఒక నిమిషం ఇరవై సెకన్లు, గరిష్ఠంగా మూడు నిమిషాలు. తెరమీద ఒక్క రంగు తప్ప ఏమీ ఉండనక్కర్లేదు. మొదటి వారం అలాగే చేయండి.

ఇక్కడ డిజిటల్ పరికరాలు పెట్టే చిక్కు ఒకటి ఉంది. సాధారణ వీడియోలో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి. చీకటి గదిలో మనకు కావలసిన వెలుగు వాటిలో కింది పావు వంతు, అంటే 64 మెట్లు. మూడు నిమిషాల్లో 64 మెట్లు ఎక్కితే ఒక్కో మెట్టు దాదాపు 2.8 సెకన్లు నిలుస్తుంది, ఆపై చప్పున మారుతుంది. వేగంగా మారే వీడియోలో ఎవరికీ కనిపించని ఈ మెట్లు మన నిదానంలో మెట్ల వరుసలాగే కనిపిస్తాయి. బొమ్మలో సన్నని ఇసుకలాంటి నాయిస్‌ను కలపడం ఒక మార్గం. అప్పుడు మెట్ల అంచులు చెదిరిపోతాయి. దృశ్యాలను నడిపే టచ్‌డిజైనర్ వంటి కంప్యూటర్ ప్రోగ్రాములలో ఇది తేలిక, దాని ఉచిత వెర్షన్ మన అవసరానికి చాలు. అంతకంటే నాకు నచ్చిన మార్గం పాత ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్: గాజు పళ్లెంలో నీళ్లు, ఒక చుక్క సిరా, లెన్సు ముందు చేత్తో నెమ్మదిగా జరిపే నల్ల అట్టముక్క. దానికి మెట్లు లేవు, చెయ్యి వణికితే వణుకు కనిపిస్తుంది, కాబట్టి అది నిజంగా ఒక వాద్యం.

డిజిటల్ ప్రొజెక్టర్ నలుపును చూపమంటే బూడిదరంగు దీర్ఘచతురస్రాన్ని చూపుతుంది. కృతి మొదలయ్యే ముందు, ముగిసిన తరువాత ఆ బూడిద కనిపించకూడదు. లెన్సు ముందు అట్టముక్కనో, తెరిచి మూసే మూతనో పెట్టుకోండి. మూత తీయడం వెలుగు భాగంలో మొదటి చర్య అవుతుంది. ఇక ప్రొజెక్టర్ ఫ్యాను చప్పుడు: కమాను తీగను తాకుతోందా లేదా అన్నంత మెల్లని సంగీతం మీద అది వానలా పడుతుంది. దాన్ని వినేవారికి, వాద్యకారులకు మధ్య ఎప్పుడూ పెట్టకండి. గది వెనక, కుదిరితే కిటికీ అద్దం అవతల ఉంచండి. గాలి తగలకుండా గుడ్డ కప్పి చప్పుడు తగ్గించాలని మాత్రం చూడకండి, వేడికి దీపం పోతుంది.

గదిలో సీలింగ్ ఫ్యాన్లు, ఏసీ కూడా ఆపాలి. మన వేసవిలో ఇది చిన్న కోరిక కాదని తెలుసు. సాయంత్రం ఏడు తరువాత పెట్టుకుని, అంతకుముందు గదిని చల్లబరిచి ఉంచితే ఆరు నిమిషాలే కాదు, ఇరవై నిమిషాలైనా భరించవచ్చు. వినేవారిని కనీసం పది నిమిషాలు ముందుగా మసక వెలుగులో కూర్చోబెట్టండి. కంటిలో శంకు కణాలు చీకటికి అలవాటుపడటానికి సుమారు పది నిమిషాలు, దండ కణాలకు అరగంట లేదా అంతకంటే ఎక్కువ పడుతుంది. అలవాటుపడిన కంటికి పావు వంతు వెలుగు కూడా ఎక్కువే అనిపిస్తుంది. అందుకే వాద్యకారుల స్టాండు దీపాలను ఎర్రటి లేదా ముదురు పసుపు కాగితంతో కప్పాలి, టాబ్లెట్ల మీద నోట్సు చదవకూడదు, స్టాప్‌వాచ్‌గా వాడే ఫోనులు ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో, వెలుగు పూర్తిగా తగ్గించి, వాద్యకారుల వైపే తిప్పి ఉండాలి.

కలిసి సాధన చేయడం

మొదట వాద్యకారులు వెలుగు లేకుండా కృతిని వాయించాలి. తరువాత వెలుగు నడిపేవారు శబ్దం ఏమీ లేకుండా ఆరు నిమిషాలు తన భాగాన్ని పూర్తిగా ప్రదర్శించాలి, మిగిలినవారు వాద్యాలు కింద పెట్టి కూర్చుని చూడాలి. ఈ రెండో దశను ఎవరూ దాటవేయకూడదు. సంగీతం లేకపోతే నిలబడని వెలుగు సంగీతంతోనూ నిలబడదు, అది నేపథ్యంగా జారిపోతుంది. మూడోసారి అందరూ కలిసి చేయాలి, ఆ తరువాత కొంతసేపు ఎవరూ అభిప్రాయాలు చెప్పకూడదు. ‘నువ్వు అక్కడ ఎర్రబడ్డప్పుడు నేను ఆగాను, భలే కుదిరింది’ అన్న మాట వచ్చిందంటే మరుసటిసారి ఇద్దరూ ఆ కుదిరినదాన్ని మళ్లీ కుదర్చాలని చూస్తారు, పని అక్కడే చెడిపోతుంది.

గడియారాలు అన్నీ ఒకేసారి మొదలవ్వాలి. దానికి ఒకరు తల చిన్నగా ఊపితే సరిపోతుంది. చేతితో సైగ చేస్తే వినేవారు అప్పుడే సంగీతం మొదలైందనుకుంటారు. ఫోన్లలో ఒకటి రెండు సెకన్ల తేడా వచ్చినా సర్దుబాటు చేయకండి, బ్రాకెట్ల వెడల్పు దాన్ని మోసేస్తుంది, మార్పులేని మూడవ బ్రాకెట్‌లో మాత్రమే మీ మొదలు, ముగింపులు కాస్త విడిపోతాయి. ముగింపులో ఐదవ బ్రాకెట్‌ను ముందే ముగించినవారు 6:00 దాకా కదలకూడదు, కమానును ఒడిలోకి దించకూడదు. చివర తెర పూర్తిగా చీకటయ్యాక కూడా గడియారం 6:00 దాటేవరకు వేచి ఉండి, అప్పుడు వెలుగు నడిపేవారే మొదట గదిలో చిన్న దీపం వెలిగించాలి, వాద్యకారులు అప్పుడు కదలవచ్చు.

ఈ వారం ఇలా చేయండి: రోజూ ఒకసారి మీ భాగాన్ని ఒంటరిగా, వారంలో రెండుసార్లు బృందంగా, కనీసం ఒకసారి వెలుగు మాత్రమే. ఫోనులో రికార్డు చేసుకునేటప్పుడు ఆటోమేటిక్ గెయిన్‌ను (శబ్దస్థాయిని ఫోనే పెంచి తగ్గించే సదుపాయాన్ని) ఆపగలిగితే ఆపండి, లేకపోతే మౌనంలో గది శబ్దం ఉబ్బి వినిపించి మీరు అనవసరంగా బెదిరిపోతారు. ఇదే కృతిలో వెలుగు భాగపు బ్రాకెట్లను మీరే మార్చి ఇంకొక రూపం రాసుకోండి, ఆరోహణ అవరోహణల సంఖ్య పెంచకండి.

ఐదవ పాఠంలో నిలకడైన శ్రుతి దగ్గరకు వెళ్తాం: 1970 నుండి హిందుస్తానీ గాయకుడు పండిట్ ప్రాణ్‌నాథ్ దగ్గర కిరాణా ఘరానా గానాన్ని నేర్చుకున్న అమెరికన్ స్వరకర్త లా మాంట్ యంగ్, వెలుగు కళాకారిణి మేరియన్ జజీలా జంట నాదాన్నీ మెజెంటా వెలుగునూ ఒకే గదిలో సంవత్సరాల తరబడి నిలిపిన పద్ధతి, దానికి తంబురా శ్రుతి చేయడం ఎంత అవసరమో అందులో వస్తుంది. అందుకోసం మీ తంబురా లేదా శ్రుతిపెట్టె, రెండు రంగు బల్బులు, బల్బుల ముందు వేలాడదీయడానికి పలుచని అల్యూమినియం రేకు దగ్గర ఉంచుకోండి.